చివరి పేజీ నుంచి కుట్టిన పుస్తకం

సైకియాట్రీలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. లాల్‌దర్వాజాలో మా సందు ఇరుకు. స్కూటరు ఆపడానికి కూడా చోటు ఉండదు, అందుకని గుడి దగ్గరే దిగి నడిచి వస్తారు. వచ్చేది నా మనవరాలి కోసం. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేదాకా నా ముందు కూర్చుంటారు. ఊరికే కూర్చోలేక ఎవరో ఒకరు అడుగుతారు, "నాయనమ్మా, మొదలు మేము ఏ పుస్తకం కొనాలె?" అని.

మూడో తరగతిలో బడి మానేసిన మనిషిని ఎం.డి. చదివే పిల్లలు అడగవలసిన మాట కాదిది. అయినా నేను జవాబు చెబుతాను. ముందు కొనకండి అంటాను. అడిగి తెచ్చుకోండి, తెచ్చుకున్నది రాసుకోండి, ఉచితంగా వచ్చేది వదలకండి, తప్పనిసరి అయినదాన్ని పాతది కొనండి అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. ఒక పిల్లను ఆ చదువులో నిలబెట్టిన మనిషిని నేను, నాకు తెలిసే చెబుతున్నాను.

ఆ పిల్లను పెంచింది నేనే. కోడలు చిన్న వయసులోనే పోయింది. నా కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. మనవరాలు డాక్టరు చదువు పూర్తి చేసిన రోజున సందులో అందరూ మా గడప ముందు నిలబడ్డారు. వాళ్ళంతా మనసులో ఒకటే అనుకున్నారు, నా కొడుకు పైకే అన్నాడు. ఇంటి ముందు గదిలో కాన్పుల డాక్టరు కూర్చుంటుందని, నొప్పులు పట్టిన ఆడది రిక్షాలో మూసీ దాటి పెద్దాసుపత్రికి పోయే బాధ తప్పుతుందని. ఆ గదిలోంచి వడ్ల బస్తాలు కూడా తీయించాడు.

పై చదువులో సీట్లు పంచే రోజు వచ్చింది. పిల్ల సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పింది, సైకియాట్రీ తీసుకున్నానని.

"అంటే ఏందది?" అన్నాడు నా కొడుకు.

"మానసిక వైద్యం బాపూ."

"పిచ్చోళ్ళ డాక్టరా?"

"గట్లనొద్దు."

"నేననకుంటే గల్లీ అనదా? వేరే సీటు దొరకలేదా నీకు?"

"దొరికింది. నేనే ఇది తీస్కున్న."

వాడు చేతికి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు, "బిడ్డా, కాన్పుల డాక్టరంటే పదిమంది చూస్తుండంగ లోపలికొస్తరు. నీ దగ్గరికి ఎవడొస్తడే? పక్కింటోడు చూస్తున్నడంటే ఎవడన్న ఈ గడపల అడుగు వెడ్తడా?"

వాడి మాటలో తప్పు లేదు. అప్పట్లో అంతే. ఊరి అవతల పిచ్చాసుపత్రి పేరెత్తితే మనుషులు గొంతు తగ్గించి మాట్లాడేవారు. కానీ పిల్ల ఏమన్నదో కూడా నాకు గుర్తుంది. "వేరే వార్డుల్ల పేషంటు రెండు మాటలు చెప్పంగనే ఇగ చాలు అంటరు. గీడ పేషంటును మాట్లాడనియ్యకుంటే వైద్యమే లేదు. నాకు గిదే నచ్చింది బాపూ."

నా కొడుకు ఊరుకోలేదు. ఆడవాళ్ళ వైద్యంలో సీటు వచ్చి, అది ఇష్టం లేని పిల్లవాడు ఒకడున్నాడని ఎవరి ద్వారానో తెలుసుకున్నాడు. ఆ పిల్లవాడి తండ్రిది షాలిబండలో మందుల దుకాణం. ఇద్దరు తండ్రులు మాట్లాడుకున్నారు. ఇద్దరు పిల్లలూ ఒప్పుకుంటే, ఆ నెలాఖరు లోపల సీట్లు మార్చుకోవచ్చట.

మనవరాలి విభాగంలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్ళంతా నెలాఖరుకు ముందే ఒక రోగితో మాట్లాడి, ఆ కేసు పెద్ద ప్రొఫెసరు ముందు నిలబడి చెప్పాలి. విన్నాక ఆయన ఒక్కొక్కరికి చెప్పేవాడట, నువ్వు ఉండు, నువ్వు వేరే చోటు చూసుకో అని. ఆయన మాటకు ఎదురు లేదు.

నేను తండ్రీ కూతుళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టాను. "ఆ పెద్ద డాక్టరు ఉండమంటే పిల్ల గాడనే ఉంటది, నువ్వు మారుమాట అనొద్దు. వద్దంటే నీ మాటిని కాన్పుల వైద్యానికి మారుతది, అప్పుడు నువ్వు ఏడ్వొద్దు బిడ్డా. అందాక ఈ ఇంట్ల దీని మీద లొల్లి వద్దు" అన్నాను. ఇద్దరూ తలూపారు. ఆ తలూపడంతో పిల్ల బతుకంతా ఆ ఒక్క కేసు మీదికి వచ్చి పడింది.

ఇక పుస్తకాలు. సీనియర్లను అడిగి వచ్చి నా ముందు ఏకరువు పెట్టింది. లావు పుస్తకం ఒకటి, అందులో అన్ని జబ్బులూ ఉంటాయి. సన్న పుస్తకం ఒకటి, ఏ లక్షణాన్ని ఏమనాలో అందులో ఉంటుంది. మందుల పుస్తకం ఒకటి, నరాల పుస్తకం ఒకటి.

"నాలుగు ఒక్కపారే చదువుతవా?" అన్నాను.

"లేదు."

"మరి నాలుగు ఒక్కపారే ఎందుకు?"

"అందరు కొంటున్నరు నాయనమ్మా."

"అందరి నాయనలు బస్సుల కింద పండుకొని నట్లు బిగిస్తలేరు."

ఒక్కోదానికి దారి చూశాను. సన్న పుస్తకం ఒక సీనియర్ అమ్మాయి దగ్గర ఉంది. ఆమెకు మా ఇంటి చింతకాయ తొక్కు ఒక సీసా పంపి పుస్తకం తెప్పించాం, పిల్ల కూర్చుని చేత్తో రాసుకుంది. రాసుకున్నది మనసులో నిలుస్తుంది, అచ్చు పుస్తకం అలమారలో నిలుస్తుంది. మందుల సంగతి కనుక్కుంటే, బ్యాగులు పట్టుకుని ఆసుపత్రికి వచ్చే కంపెనీ మనుషులు రంగు కాగితం మీద అచ్చు వేసి ఊరికే ఇస్తారని తెలిసింది. ఏ మందు ఎంత, దేంతో కలపకూడదు, అన్నీ అందులో ఉంటాయి. అడగడానికి సిగ్గుపడింది. "ఇయ్యనీకే వస్తున్నరు గద, తీస్కోనీకే సిగ్గెందుకు?" అని పంపాను. నరాల పుస్తకాన్ని కాలేజీ లైబ్రరీలో కూర్చుని చదువుకోమన్నాను, అక్కడ ఫ్యాను కూడా వాళ్ళదే.

మిగిలింది లావు పుస్తకం. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీని సీనియర్లు వదిలేవారు కాదు. దాన్ని కొనక తప్పదని నాకూ అర్థమైంది.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పిల్లను వెంటబెట్టుకుని పోయాను. ఎండలో చాలాసేపు తిరిగాక దొరికింది. అట్ట లేదు, వీపు చీలిపోయింది, పేజీలు కట్టలు కట్టలుగా ఊడి ఉన్నాయి. అమ్మేవాడు పురికొసతో కట్టి పెట్టాడు. పిల్ల పక్కకు నిలబడి ఒక్కో పేజీ చూసుకుంది, ఏదీ పోలేదు.

"ఫారిన్ బుక్ అమ్మా ఇది" అన్నాడు అమ్మేవాడు.

"ఫారినోళ్ళు గూడ అట్ట ఏస్తరు గద. దీని అట్టేది?"

"అట్ట చదువుతరా? లోపలిది చదువుతరు."

"లోపలిది గాలికి కొట్టుకపోతది. నువ్వు అమ్మేది పుస్తకం గాదు, కాగితాల కట్ట. కాగితాల ధర చెప్పు."

వాడు చెప్పిన ధరకూ నేను ఇచ్చిన దానికీ మధ్య చాలా దూరం ఉంది. రెండుసార్లు వెళ్ళిపోయినట్టు నటించి, మూడోసారి నిజంగానే బయలుదేరాను, అప్పుడు పిలిచాడు.

హుస్సేనీ ఆలంలో పుస్తకాలు కుట్టే ముసలాయన ఉండేవాడు. మెట్టు మీద కూర్చుని, ఒడిలో చెక్క పెట్టుకుని, మైనం రాసిన దారంతో కుట్టేవాడు. చుట్టుపక్కల ఇళ్ళలోని ఉర్దూ, అరబీ పుస్తకాలన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. కుట్టు గట్టిదని పేరు. అట్టకు బట్ట తన దగ్గరదే వేస్తానన్నాడు. అక్కరలేదని నా పాత నారాయణపేట చీర కొంగు ముక్క ఇచ్చాను. ఆకుపచ్చది, అంచు ఎర్రనిది, నూలు ఇంకా గట్టిగానే ఉంది.

"ఫికర్ నక్కో కరో మా, మజ్బూత్ సీ కే దేతుం" అన్నాడు. గట్టిగా కుట్టి ఇస్తానని మాట ఇచ్చాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

తీసుకున్నాను. ఇటుకలా ఉంది, చూస్తే కడుపు నిండింది. ఇంటికి తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను. తెరిచింది. మొహం మారిపోయింది. ఇంకొన్ని పేజీలు తిప్పింది, మధ్యలో తెరిచింది, చివరికి పోయింది, మళ్ళీ మొదటికి వచ్చింది.

"నాయనమ్మా, ఉల్టా కుట్టిండు."

సంగతి ఏమిటంటే, లావు పుస్తకాలు చిన్న చిన్న కట్టలుగా ఉంటాయి, ఆ కట్టలను వరసగా పేర్చి కుడతారు. ఉర్దూ పుస్తకం కుడి వైపు నుంచి తెరుచుకుంటుంది. ఆయన చేతులు ఆ వయసు వచ్చేదాకా కుట్టినవన్నీ అవే. పిల్ల పుస్తకాన్ని విప్పి, దులిపి, మళ్ళీ పేర్చేటప్పుడు ఆ చేతులు తమకు అలవాటైన వైపు నుంచే పేర్చాయి. ఇంగ్లీషు ఆయనకు రాదు, చూసి పట్టుకునే వీలు లేదు. ప్రతి కట్ట లోపలా పేజీలు సరిగానే ఉన్నాయి, కానీ చివరి కట్ట మొదట వచ్చింది, మొదటి కట్ట చివరికి పోయింది.

పిల్ల ఏడ్చింది. కేసు చెప్పవలసిన రోజు దగ్గరపడింది, మళ్ళీ విప్పి కుట్టించేదాకా పుస్తకం చేతికి రాదు. "మా తోటోళ్ళంత సగం చదివిర్రు. నేను తెరవనే లేదు" అంటూ మూల కూర్చుంది. నేను పుస్తకం చంకన పెట్టుకుని తిరిగి హుస్సేనీ ఆలం పోయాను, ఆమెను కూడా లాక్కుని పోయాను.

ముసలాయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పిల్ల వివరంగా చెప్పింది. ఆయన గడ్డం నిమురుకుని అన్నాడు, "ఉల్టా తుమారీ కితాబ్ హై మా, మేరా హాత్ నై." తిరగబడింది నా పుస్తకమేనట, ఆయన చెయ్యి కాదట.

"నా కితాబు ఉల్టా ఉంటే ఊరంత ఇంగ్లీషు ఉల్టానే చదువుతున్నరా భాయ్?"

"హౌ మా. మై క్యా బోలూఁ. సబ్ ఉల్టాచ్ పఢ్‌తే." అందరూ ఉల్టానే చదువుతుంటే తనేం చెప్పగలడట. నాకు నవ్వు వచ్చింది, కానీ నవ్వితే పని చెడుతుందని ఆపుకున్నాను. విప్పి మళ్ళీ ఊరికే కుట్టి ఇస్తానన్నాడు. అయితే ఒక మాట చెప్పాడు. కుట్టిన ప్రతిసారీ మూడు వైపులా కాగితం కత్తిరించి చదును చేయాలి. ఒకసారి కోసేశాడు, ఇంకోసారి కోస్తే అక్షరాలు కూడా పోతాయి.

నేను పుస్తకం మూసి, చీర అంచు మీద చెయ్యి పెట్టాను. "కొయ్యొద్దు" అన్నాను.

"నాయనమ్మా."

"మాటలైతే పోలే గద. ఎట్లున్నదో గట్లనే చదువు. ముందుకొచ్చింది ముందుగాల చదువు. నెలాఖరుకు ఎంతయితే గంత."

పిల్ల దారి పొడుగునా నాకంటే ముందే నడిచింది. ఇంటికి వచ్చి, కోపం తగ్గక, ఆ కోపంతోనే పుస్తకం తెరిచింది. మొదట వచ్చిన కట్టలో అక్షరాల వరసలో మాటల పట్టిక ఉందట, దాన్ని తిప్పేసింది. దాని తర్వాత వచ్చింది పుస్తకం చివరన వేసిన అనుబంధం. రోగి ముందు ఎట్లా కూర్చోవాలి, మొదట ఏం అడగాలి, అడిగి ఎంతసేపు ఊరుకోవాలి, చెప్పింది ఎట్లా రాయాలి, అదంతా. మిగతా పిల్లలంతా మొదటి పేజీ నుంచి పట్టుకున్నారు. ఈ వైద్యం ఎక్కడ పుట్టింది, మెదడులో ఏ ముక్క ఎక్కడుంది, ఆ బొమ్మల దగ్గరే ఆగిపోయారు. చివరికి చేరినవాళ్ళు ఎవరూ లేరు. మా పిల్ల చివరి నుంచే మొదలుపెట్టింది, దానికి వేరే దారి లేదు కాబట్టి.

మరునాడు సాయంత్రం నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చేతిలో కలం.

"నువ్వు పేషంటువి. నేను అడుగుత, నువ్వు చెప్పాలె."

"నాకేం రోగమొచ్చిందే?"

"రాలేదు. నాకు అలవాటు గావాలె."

సరేనన్నాను. మొదలుపెట్టింది. "మీకు అశరీరవాణులు వినిపిస్తాయా?"

"ఇదేం భాష? వేరే ఊరికెళ్ళి వచ్చినవా? మనిషిని మనిషి అడిగినట్టడుగు."

కలం నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "ఎవ్వరు లేనప్పుడు ఎవరన్న మాట్లాడినట్టు ఇనిపిస్తదా?"

"అది తర్వాత చెప్త. ముందుగాల వేరేది అడుగు."

"నీకు చెడు చెయ్యాలని చూసేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరు. పాలోడు."

"ఏం చేస్తడు?"

"నీళ్ళు కలుపుతడు."

"అది నీ అనుమానమా, నిజమా?"

"పొయ్యి మీద పెట్టి చూడు, నిజమో అనుమానమో తెలుస్తది."

"నాయనమ్మా, సరిగ్గ చెప్పు."

"సరిగ్గనే చెప్తున్న. నువ్వే సరిగ్గ ఇంటలేవు. నేను నోరు తెరువక ముందే తర్వాతి ప్రశ్న చూస్కుంటున్నవు కాగితంల."

అది కాగితం మడిచి పక్కన పెట్టింది. మళ్ళీ మొదటి ప్రశ్నకు వచ్చింది, ఎవరూ లేనప్పుడు ఏమైనా వినిపిస్తుందా అని. ఈసారి అడిగి ఊరుకుంది. ఎంతసేపయినా కదల్లేదు. నేను నాలుగు గింజలు తీశాను, ఇంకో నాలుగు తీశాను. ఆ ఊరుకోవడంలో ఏముందో, నేను ఎవరికీ చెప్పని మాట బయటికి వచ్చింది.

"పొద్దుగాల, ఇంకా మసక ఉండంగ, నల్లా కాడ మీ తాత దగ్గు ఇనిపిస్తది."

ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. పిల్ల కలం ఆగింది. నా మొహంలోకి చూసింది, కానీ అయ్యో అనలేదు. "ఇనిపిస్తే ఏమైతది నీకు?" అని మెల్లగా అడిగింది.

"ఏమైతది? లేవనీకే యాళ్ళయిందని లేస్త. నీళ్ళు పట్టుకుంట."

"భయమైతదా?"

"మొగని దగ్గుకు భయమెందుకే? ఇనిపియ్యని రోజు ఆలస్యమైతది లేవనీకే."

అది తలవంచుకుని రాసుకుంది. ఏం రాశావని అడిగాను. చదివి వినిపించింది. నేను అన్న మాట, అన్నట్టే ఉంది. "పుస్తకంల గిదే ఉన్నది. మనిషి చెప్పిన మాట ముందుగాల రాయాలె. దానికి డాక్టర్లు పెట్టే పేరు తర్వాత. పేరు ముందు పెడితే మాట పోతదట" అంది. దగ్గుకు వాళ్ళ పుస్తకంలో ఒక పేరు ఉందో లేదో నేను అడగలేదు. నా మాట నా మాటగానే కాగితం మీద ఉండటం చూస్తే గుండె తేలికైంది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నేను పేషంటును. కొన్ని రోజులు తెలుగులో, కొన్ని రోజులు బజారు ఉర్దూలో. ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో సగం మంది ఉర్దూలోనే ఏడుస్తారని దానికి తెలుసు.

కేసు చెప్పే రోజు వచ్చింది. పొద్దున్నే ఏమీ తినకుండా పోయింది. నేను జొన్నరొట్టె, పప్పు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి ఆసుపత్రికి పోయాను. వాళ్ళు కూర్చునే పెద్ద గదికి తలుపు లేదు, పరదా ఉంది. బయట బెంచీ మీద రోగుల చుట్టాలు కూర్చుని ఉన్నారు. నేనూ కూర్చున్నాను, ఎవరూ లేవమనలేదు.

లోపల అంతా ఇంగ్లీషు. ఒక పిల్లవాడు గడగడా చెప్పుకుపోయాడు. నాకు ఒక్క ముక్క తెలియలేదు, కానీ బాగా చదువుకున్నాడని గొంతు చెబుతూనే ఉంది. ఆగాడు. అప్పుడు పెద్దాయన గొంతు వినిపించింది. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట తీరు వేరు.

"బాగుందయ్యా. ఇంతకీ ఆవిడ ఏమంది?"

పిల్లవాడు మళ్ళీ ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"అది నువ్వన్నది. ఆవిడ ఏమందని అడుగుతున్నా."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకరు లేచారు. వాళ్ళకూ అదే ప్రశ్న, వాళ్ళ దగ్గరా అదే కాగితాల చప్పుడు. నా చేతిలో డబ్బా వేడిగా ఉంది, దించడం కూడా మరిచాను.

మూడోది మా పిల్ల గొంతు. ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. అంతలో ఆ ఇంగ్లీషు మధ్యలోంచి ఒక్కసారి మా సందు మాట వినిపించింది. ఎవరూ అడగకముందే చెప్పింది.

"ఆమె అన్నది సార్, 'ఇంట్ల అందరున్నరు గాని నేనే లేను. నా జాగల ఇంకెవరో వంట చేస్తున్నరు' అని."

లోపల ఎవరో కుర్చీ కదిపారు.

"ఇంకా?" అన్నాడు పెద్దాయన.

"'చేతులు నాయి గావు. రొట్టె కాలుస్తుంటె పెనం తగిలింది, కాలింది నాకు గాదు' అన్నది సార్."

"అని?"

"అని చాలాసేపు మాట్లాడలేదు. నేను గూడ మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకొని, 'ఇది నీదేనా' అనడిగింది."

ఆ ఆడది ఎవరో నాకు తెలియదు, తెలియవలసిన పని కూడా లేదు. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ముసలామె మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లోపల పెద్దాయన ప్రశ్న మీద ప్రశ్న వేశాడు, పిల్ల జవాబు మీద జవాబు చెప్పింది. అప్పుడు ఇంగ్లీషు నాకు అడ్డం కాలేదు. ఎవరు గెలుస్తున్నారో గొంతులోనే తెలుస్తుంది, కుస్తీ చూసేవాడికి భాష అక్కరలేదు. చివరికి ఆయన అడిగాడు, ఏ పుస్తకం చదివావని. సంచీలోంచి ఏదో బరువైనది తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు అయింది. పేజీలు తిప్పిన చప్పుడు, ఆ వెంటనే నవ్వు. మొదట ఒక్కడి నవ్వు, తర్వాత గదంతా.

నాకు ఒళ్ళు మండింది. పరదా ఎత్తి లోపలికి పోయాను.

"ఎందుకు నవ్వుతున్నరు సార్? పుస్తకం పాతదయితే చదువు పాతదైతదా?"

పిల్ల మొహం ఎర్రబడింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. తెల్లజుట్టు, సన్నటి మనిషి. ఆకుపచ్చ చీర అట్ట మీద చెయ్యి పెట్టి ఉన్నాడు.

"మీరెవరమ్మా?"

"దాని నాయనమ్మను. అది కుట్టిచ్చింది నేనే."

"నవ్వింది పాతదని కాదమ్మా. ప్రతి ఏడూ చేరినవాళ్ళకి నేను చెబుతాను, ఈ పుస్తకం చివరి అనుబంధం ముందు చదవండర్రా అని. ఒక్కడూ వినడు. మీరు దాన్ని ముందుకు కుట్టించి మరీ చదివించారు."

"గది కుట్టినాయన పుణ్యం. నాది గాదు" అన్నాను. ఉన్నమాట చెప్పడానికి నాకేం.

"కోయించి సరిచేయించుకోలేదే?"

"కోస్తే అక్షరాలు పోతయన్నడు. సరే గని సార్, పిల్ల ఉంటదా, పోతదా? నాకది చెప్పుర్రి. ఇంటికాడ వీళ్ళ నాయనకు జవాబు చెప్పాలె."

ఆయన పిల్ల వైపు తిరిగాడు. "రేపటి నుంచి ఆడవాళ్ళ వార్డు పొద్దుటి పని నీది. ఆ పేషెంటును నువ్వే చూడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రోజూ నాకు చెప్పాలి. ఉంటావుగా?"

"ఉంట సార్."

"ఉంటుందమ్మా" అని నాతో అన్నాడు.

మా పిల్లకంటే ముందు కేసు చెప్పిన ఇద్దరు పిల్లలు బయట మమ్మల్ని పట్టుకున్నారు. పుస్తకం రెండు రోజులు ఇవ్వమన్నారు. వాళ్ళను వెళ్ళగొట్టలేదట పెద్దాయన, ఇంకోసారి రోగి దగ్గరికి పోయి కూర్చుని రమ్మన్నాడట. చేతులు కడుక్కుని ముట్టుకుంటామంటే ఇస్తానన్నాను. వాళ్ళు నిజంగానే నల్లా దగ్గరికి పోయి కడుక్కుని వచ్చారు. పిల్ల బెంచీ మీద కూర్చుని రొట్టె తింది. అంత ఆకలిగా అది తినడం నేను ఎప్పుడూ చూడలేదు.

నా కొడుకు ఆ రోజు డిపో నుంచి తొందరగా వచ్చాడు. గడపలోనే నిలబడి నా మొహం చూశాడు, పిల్ల మొహం చూశాడు.

"ఏమన్నడు?" అన్నాడు.

"ఉండమన్నడు బాపూ. వార్డు గూడ ఇచ్చిండు" అంది పిల్ల.

వాడు తలుపుకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. మాట ఇచ్చిన మనిషి, మాట తప్పే రకం కాదు నా కొడుకు, కానీ ఆ మాట గొంతు దిగడానికి సమయం పడుతుందని నాకు తెలుసు. నేను తొందరపెట్టలేదు.

"అందరికి ఇచ్చిండా, నీకేనా?"

"నా ఒక్కదానికే."

"ఒక్కదానికేనా?" అని మళ్ళీ అడిగాడు. వినడానికి అడిగాడు, తెలియక కాదు. కాళ్ళు కడుక్కోలేదు, చాయ్ తాగలేదు, సైకిలు తిప్పుకుని షాలిబండలో ఆ మందుల దుకాణం వైపు పోయాడు. నేను సందు మొగదాకా పోయి నిలబడ్డాను, తిరిగి వచ్చేటప్పుడు మొహం ఎట్లా ఉంటుందో చూద్దామని.

వచ్చేటప్పుడు సైకిలు తొక్కడం లేదు, చేత్తో పట్టుకుని నడిపిస్తున్నాడు. సందులో పలకరించిన ప్రతి మనిషి దగ్గరా ఆగుతున్నాడు. బియ్యం కొట్టు దగ్గర ఆగాడు, ఇస్త్రీ బండి దగ్గర ఆగాడు. నా దగ్గరికి వచ్చేదాకా ఆ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"ఏమన్నవురా ఆయనతోని?" అన్నాను.

"సీటు మార్చేది లేదన్న. కొడుకుకు ఇంకో జాగ చూస్కోర్రి అన్న."

"ఎందుకని అడగలేదా?"

"అడిగిండు. మా బిడ్డను ఆడ వదుల్తలేరు, ఏం జెయ్యమంటవ్ అన్న" అని, నా కొడుకు సైకిలు గోడకు ఆనించి ఇంట్లోకి పోయాడు, కూతురి వార్డు ఎట్లా ఉంటుందో మొదటి నుంచి చెప్పమని అడుగుతూ.